దాలమ్మ వానలో చూసిన స్థలం

దాలమ్మ పాలలో నీళ్ళు కలుపుతుందన్న సంగతి ఖరగ్‌పూర్ మథురాకాటి రైల్వే క్వార్టర్లలో అందరికీ తెలుసు. తెలియక ఎలా ఉంటుంది, ఆ మాట అందరికంటే ముందు చెప్పేది ఆమే కదా. గుమ్మంలో రెండు చెంబులు దించి, "ఇయి సిక్కటి పాలు, సంటిపిల్లలికి. ఇయి టీ పాలు, నీలు కలిపినాను. దీని ధర దీనిదే, దాని ధర దానిదే. తరవాత నన్ను తిట్టుకోకండి," అనేది. మిగతా పాలవాళ్ళు గంగమ్మ మీద, గోమాత మీద ఒట్లు పెట్టి ఒకే చెంబులోంచి పల్చటి పాలు పోసి చక్కాపోయేవారు. దాలమ్మ ఒట్టు పెట్టగా ఎవరూ వినలేదు. దేవుడికి ఆయన పనులు ఆయనకుంటాయి, చెంబెడు పాలకి ఆయన్ని సాక్ష్యానికి పిలవడమేమిటని ఆమె అభిప్రాయం.

ఆమె మొగుడు జగ్గారావు వర్క్‌షాపులో బాయిలర్ పని చేసేవాడు. ముప్పై అయిదేళ్ళు ఇనుము మీద సుత్తిదెబ్బలు వినీ వినీ ఆయన చెవులు సగానికి సగం పోయాయి. అంచేత ఆ ఇంట్లో రహస్యాలుండేవి కావు. మొగుడూ పెళ్ళాలు గుసగుసలాడుకున్నా ఆ వరసలో పన్నెండు క్వార్టర్లకి వినిపించేది. క్వార్టరు వెనక రేకుల పాకలో మూడు గేదెలు. అవి అక్కడ ఉండకూడదని ఏడాదికోసారి ఒక ఇనస్పెక్టరు కాగితం పట్టుకుని వచ్చేవాడు. దాలమ్మ ఆయనకి పెద్ద గ్లాసుడు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టేది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వచ్చే ఏడు మళ్ళీ వచ్చేవాడు.

ఆమె పుట్టింది వంశధార ఒడ్డున ఒక పల్లెలో. ఆ ఏరు చుట్టపుచూపుగా ఊళ్ళోకి వచ్చి పోయేది. కొట్టుకుపోయిన ఇంటిని ఆమె తండ్రి మూడుసార్లు అదే చోట, దొరికినంతవరకు అవే వాసాలతో కట్టాడు. ఆయన తండ్రి అక్కడే కట్టాడు గనక ఇంకోచోట కట్టవచ్చునన్న ఆలోచన ఆయనకి రాలేదు. "మా తాతకి బుద్ధి నేదు. మా అయ్య దాన్నే ఆస్తిగా పుచ్చుకున్నాడు," అని దాలమ్మ నవ్వుతూ చెప్పేది. మూడోసారి ఏరు వచ్చినప్పుడు రెండేళ్ళ తమ్ముడు పోయిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. జగ్గారావుకి కూడా పెళ్ళయిన పదకొండేళ్ళకి, అదీ అత్తవారి ఊళ్ళో మరెవరో అంటే తెలిసింది.

పంతొమ్మిది వందల అరవై రెండులో జగ్గారావుకి రిటైర్మెంటు రెండేళ్ళలో పడింది. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఊరికి తిరిగిపోవడానికి ఊళ్ళో ఏమీ మిగల్లేదు. పైగా ఒక్కగానొక్క కూతురు నూకాలుని క్యారేజి షాపులో పనిచేసే గోవిందరావుకిచ్చి ఇక్కడే చేశారు. అంచేత ఖరగ్‌పూర్‌లోనే ఎక్కడో ఒకచోట నేల కొనాలి. అప్పటికి సగం వర్క్‌షాపు అదే ధ్యాసలో ఉంది. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తినేటప్పుడు అందరి నోటా ఒకటే మాట, శాంతినగర్.

శాంతినగర్‌ని అమ్ముతున్నది గణపతిరావు. నలభై ఏళ్ళవాడు. ఏదో గుమాస్తా ఉద్యోగం మానేసి స్థలాల బేరంలో దిగాడు. ఖరిదా పేట దాటి కొంత దూరం పోయాక, రోడ్డుకి దిగువన పచ్చటి మైదానాన్ని సున్నపు గీతలతో గళ్ళు చేసి, దారి మొదట్లో వెదురు కర్రకి పేరు రాసిన బోర్డు కట్టాడు. బేరాలకి జనాన్ని మాఘ ఫాల్గుణ మాసాల్లోనే తీసుకువెళ్ళేవాడు. ఆ రోజుల్లో అక్కడ చల్లటి గాలి, కాళ్ళకింద మెత్తటి నల్లమట్టి, గట్ల మీద వంగతోటలు. చూసినవాడు చూసినట్టే అడ్వాన్సు ఇచ్చేవాడు.

జగ్గారావుని, దాలమ్మని కూడా ఒక ఆదివారం తీసుకువెళ్ళాడు. వాళ్ళతోపాటు యజ్ఞనారాయణగారు వచ్చారు. ఆయన రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు. తీరికవేళల్లో ముహూర్తాలు పెట్టడం, ఇళ్ళకి వాస్తు చెప్పడం ఆయన అలవాటు. ఆయన అప్పటికే అక్కడ ఒక ప్లాటు ఖాయం చేసుకున్నారు.

"సూడు దాలప్పా," అన్నాడు గణపతిరావు అక్క వరస కలిపి, మడమతో మట్టి నొక్కుతూ. "ఎంత మెత్తగున్నాదో! నుయ్యి తవ్వడానికి గునపం కూడా అక్కర్నేదు. పన్నెండడుగులకే తియ్యటి నీలు."

"వానాకాలం ఎలాగుంతాది?"

"పచ్చగుంతాది."

"పచ్చదనం సంగతి కాదు నాయనా. నీలు నిలుస్తాయా?"

"నిలవడానికిదేటి సెరువా అప్పా?"

యజ్ఞనారాయణగారు కండువా సర్దుకుని కలగజేసుకున్నారు. "దాలమ్మా, శాస్త్రప్రకారం చూస్తే ఇంతకంటే మంచి స్థలం ఈ ఊళ్ళో లేదు. నైరుతి మెరక, ఈశాన్యం పల్లం. ఈశాన్యాన నీరుంటే ఆ ఇంట్లో లక్ష్మి నిలుస్తుంది."

"ఈశాన్నంలో ఉంటే మంచిదే బాబుగోరూ. అక్కడాగకుండా వంటింట్లోకొస్తేనో? లక్ష్మి కంటే ముందు కప్పలొస్తాయి."

"ఏటంట? లక్ష్మా?" అన్నాడు జగ్గారావు చెవి ఒగ్గి. "ఎవులా లక్ష్మి?"

ఆయనకి స్థలం నచ్చింది. ముప్పై అయిదేళ్ళు మంటముందు నిలబడ్డవాడికి ఆ గాలి తగిలేసరికి ఇంకేమీ వినాలనిపించలేదు.

దాలమ్మ ఆ రోజు ఊరుకుంది. మర్నాటి నుంచి గేదెల్ని మేతకి అటే తోలుకువెళ్ళడం మొదలుపెట్టింది. మంచి ఎండలో కూడా మూడు గేదెలూ గణపతిరావు సున్నపు గీతల్ని ఖాతరు చెయ్యకుండా ఒకే మూలకి పోయి, నేలని ముట్టెతో తవ్వి, పొర్లి, ఒళ్ళంతా బురద చేసుకుని లేచేవి. గేదెకి వాస్తు తెలియదు గాని నీటి వాసన తెలుసు. మట్టిని గోటితో గీకితే నత్తగుల్లలు తేలాయి. అక్కడక్కడా ఉన్న తాటిచెట్ల మొదళ్ళకి ఆమె నడుమెత్తున బూడిదరంగు చార ఉంది, అన్నిటికీ ఒకే ఎత్తున, ఎవరో తాడుపట్టి గీసినట్టు. చీమలపుట్ట అన్నది ఆ మైదానంలో ఒక్కటి లేదు. పుట్టలన్నీ దూరంగా ఎర్రటి గరపదిబ్బ మీద ఉన్నాయి.

మేకలు కాసుకునే ఒక ముసలి సంతాల్ గిరిజనుడు అక్కడికి రోజూ వచ్చేవాడు. దాలమ్మ ఆయనకి బీడీ ఇచ్చి, తనకొచ్చిన బెంగాలీలో శాంతినగర్‌లో నీళ్ళొస్తాయా అని అడిగింది. ఆ పేరు ఆయన ఎప్పుడూ వినలేదు. ఎక్కడా శాంతినగర్, అని అటూ ఇటూ చూశాడు. ఆమె కాలికింద నేల చూపించింది. ముసలాయన పళ్ళులేని నోటితో నవ్వాడు.

"ఎటా? ఎటా తో హాఁస్‌డోబా, మా!"

ఇదా, ఇది హాఁస్‌డోబా కదమ్మా అని ఆయన అన్నది; హాఁస్‌డోబా అంటే బాతుల మడుగు. ఎర్రదిబ్బ పేరేమిటని అడిగితే కాంకర్‌డాంగా అన్నాడు, గులకరాళ్ళ మెరక. ఆ పేర్లు పెట్టినవాళ్ళకి అమ్ముకునే పని లేదు గనక ఉన్నది ఉన్నట్టు పెట్టారని దాలమ్మకి అర్థమైంది.

అయినా జగ్గారావు ఒప్పుకోలేదు. "ముసిలోడి మాట, గేదిల మాట వినీసి బేరం పాడుసేసుకుంతామేటి? మా షాపులో సదువుకున్నోళ్ళు కొన్నారు."

"సదువుకున్నోళ్ళు గేదిల్ని అడగనేదు. అందుకే కొన్నారు," అంది దాలమ్మ. పన్నెండు క్వార్టర్లూ నవ్వాయి.

శ్రావణమాసం వచ్చింది. మూడు రోజులు ఆగకుండా వాన పట్టింది. మూడోనాడు షిఫ్టు దిగి వచ్చిన మొగుణ్ణి అన్నం పెట్టకుండానే చెయ్యి పట్టుకుని బయల్దేరదీసింది. దారిలో గణపతిరావు ఇంటి తలుపు కొట్టి అతన్నీ లేవదీసింది. మాఘంలో మేం నీతో వచ్చాం, శ్రావణంలో నువ్వు మాతో రా అంది. ముగ్గురూ ఒక్క గొడుగు కింద వెళ్ళారు. గొడుగు గణపతిరావుది గనక అతనే ఎక్కువ తడిశాడు.

శాంతినగర్ బోర్డు నీళ్ళలో నిలబడి ఉంది. జగ్గారావు పంట్లాం మోకాళ్ళదాకా మడిచి దిగాడు. నాలుగడుగులు వేసేసరికి మడత తడిసింది. ఆయన వెనక్కి వచ్చి గట్టుమీద కూలబడ్డాడు.

"ఇలాంటి వాన పదేళ్ళకోసారి పడతాదప్పా," అన్నాడు గణపతిరావు. ఆ తర్వాత, తడిసిన మొహం తుడుచుకుని కాస్త నిజాయితీగానే అన్నాడు. "సరే, యేటా కుసింత ఒస్తాదనుకో. నాలుగు రోజులుంతాది, పోతాది. నాలుగు రోజుల నీలకి బయపడి మూడొందల అరవై రోజుల సుకం ఒగ్గీసుకుంతావా? ఆలోసించు."

లెక్క తప్పు కాదు మరి. "ఆ నాలుగు రోజులూ నువ్వెక్కడుంతావు?" అని మాత్రం దాలమ్మ అడిగింది.

"ఇక్కడే. ఆ మూల ప్లాటు నాదే. ఒచ్చే ఏడు కట్టుకుంతాను."

ఆమె నమ్మలేదు. కాని అతను నిజంగానే కట్టుకున్నాడు, అదీ గేదెలు పొర్లిన మూలనే. గణపతిరావు జనాన్ని మోసం చెయ్యలేదు. జనంతోపాటు తనూ నమ్మాడు.

జగ్గారావు, దాలమ్మ కాంకర్‌డాంగా మీద కొన్నారు. అక్కడ నీడ లేదు, చెట్టు లేదు, పొరుగు లేదు. గునపం వేస్తే నిప్పురవ్వలు రాలాయి. నూతి కోసం నలభై అడుగులు తవ్వించారు. మనిషి మొహం కనిపించేపాటి నీళ్ళు పడ్డాయి, అవీ తుప్పు వాసన. అయితే నేమి, ఎంత వాన పడ్డా చినుకు చినుకే దొర్లి కిందికి పోయేది. దాలమ్మ గృహప్రవేశంనాడు పరమానందంగా ఉంది. ఈ రాళ్ళలో ఎందుకు కొన్నారని పంచాయితీకి దిగిన చుట్టాలందర్నీ ఇంటి చుట్టూ తిప్పి నేల పొడిగా ఉండటం చూపించింది.

ఆ వైశాఖంలోనే కాలబైశాఖి, బెంగాలు వేసవి గాలివాన, వచ్చింది. సాయంకాలం వాయవ్యాన ఆకాశం నల్లబడి, దుమ్ము లేచి, ఒక్క ఊపున గాలి దిబ్బని పట్టుకుంది. అంత ఎత్తున, చుట్టూ అడ్డం లేకుండా నిలబడ్డ ఇల్లు ఆ ప్రాంతంలో అదొక్కటే. రేకులు ఒకటి తర్వాత ఒకటి చప్పట్లు కొట్టినట్టు లేచాయి. నాలుగు ఎగిరిపోయాయి. దాలమ్మ మంచం కింద దూరింది. జగ్గారావు ఆ కాసేపు బాయిలర్ షాపులోనే ఉన్నాననుకున్నాడట.

గాలి తగ్గాక చూసుకుంటే ఒక రేకు సరిగ్గా శాంతినగర్‌లో, యజ్ఞనారాయణగారి అరటితోటలో పడి ఉంది. మర్నాడు ఆయనే రిక్షాలో వేయించి పంపారు. తానూ వెంట వచ్చారు, పలకరింపుకి. "నీటిని తప్పించుకున్నావు గాని వాయువు సంగతి మరిచావు, దాలమ్మా. వాయవ్యం బాగా తెరిపి అయింది," అన్నారు.

ఆ మాట ఆయన ఎగతాళికి అన్నా దాలమ్మకి మాత్రం సూటిగా తగిలింది. చిన్నప్పుడు నీళ్ళని చూసి భయపడ్డది గనక నీళ్ళ గురించే అడిగింది. గాలి గురించి ఎవర్నీ అడగలేదు. అది తన తప్పే. నాలుగు రోజులయ్యాక మేకల ముసలాయన్ని వెతుక్కుంటూ పోయి, ఇలాంటి దిబ్బలమీద మీవాళ్ళు ఇల్లెలా కడతారని అడిగింది. తలుపు గాలికి ఎదురుగా పెట్టరు, చూరు మనిషి వంగి దూరేంత కిందికి దించుతారు అని చెప్పాడు. రేకులు తీయించి పెంకు వేయించింది. చూరు దింపించింది. జగ్గారావు పాత ఇనుము వేలంలో కొన్న బోల్టులతో వాసాల్ని గోడలోకి బిగించాడు. వాయవ్యాన రెండు వరసలు వెదురు నాటారు. ఆ తర్వాత గాలికి ఏమీ పోలేదు. కాని ఆ ఇంట్లో పొడుగువాళ్ళంతా గుమ్మంలో తల కొట్టుకునేవారు. అల్లుడు గోవిందరావు వచ్చినప్పుడల్లా ఒక దెబ్బ తిని, "అత్తా, ఈ ఇంటికొస్తే దండం పెట్టకుండానే తల వొంగుతాది," అనేవాడు.

ఇక్కడ నుంచి పదిహేనేళ్ళు దాలమ్మకి ఏమంత గొప్పగా గడవలేదు.

శాంతినగర్ పెరిగింది. రోడ్డు వచ్చింది, బడి వచ్చింది, కరెంటు స్తంభాలు వచ్చాయి. ప్రతి ఇంటికీ కొబ్బరిచెట్టు, అరటి, పెరట్లో తియ్యటి నీళ్ళ నుయ్యి. శ్రావణంలో నాలుగు రోజులు నీళ్ళు వచ్చేవి. జనం మంచాల కింద ఇటుకలు పెట్టుకునేవారు, పిల్లలు వీధిలో చేపలు పట్టేవారు, అయిదోరోజుకి అంతా మామూలే. గణపతిరావు చెప్పిన లెక్క అక్షరాలా నడిచింది. కాంకర్‌డాంగా మీద మాత్రం దాలమ్మ ఎండాకాలమంతా అర మైలు నడిచి కుళాయి నీళ్ళు మోసేది. ఆనపపాదు పెడితే వాడిపోయేది. గేదెలకి గడ్డి కొనాల్సి వచ్చేది. నూకాలు పిల్లల్ని తీసుకుని వస్తే రెండో రోజుకే, ఇక్కడ రాళ్ళు తప్ప ఏమున్నాయే అమ్మా అని పోరేది.

ఒకనాడు బిందె దించి, నడుం పట్టుకుని, దాలమ్మ మొగుడితో అంది. "ఏటయ్యా, నాను బయపడి తప్పు సేసినానేటి? పదిహేనేళ్ళబట్టి నా బయానికి మనిద్దరం నీలు మోస్తన్నాం."

జగ్గారావు అప్పటికి దాదాపు పూర్తిగా చెవిటివాడు. ఆ మాట మాత్రం విన్నాడు. "మోస్తన్నది నువ్వు కాదేటి. నాను సూస్తన్నాను, అంతే," అన్నాడు. మర్నాటినుంచి రెండో బిందె ఆయన తెచ్చేవాడు.

డెబ్భై ఎనిమిది భాద్రపదంలో వాన మొదలైంది. మామూలు వాన అనుకున్నారు. నాలుగు రోజులైంది, ఆగలేదు. కాసాయి ఏటి గట్లు తెగాయని వార్త వచ్చింది. ఎక్కడెక్కడి నీళ్ళో పల్లానికి బయల్దేరాయి. శాంతినగర్‌లో మంచాల కింద రెండేసి ఇటుకలు పెట్టారు, తర్వాత మూడేసి. ఆపైన ఇటుకలు అయిపోయాయి, నీళ్ళు అయిపోలేదు. తెల్లవారేసరికి బడి కిటికీల దాకా మునిగింది.

పొద్దున్నే దాలమ్మ గుమ్మంలో నిలబడి చూస్తే జనం దిబ్బ ఎక్కుతున్నారు. నెత్తిన ట్రంకుపెట్టెలు, చంకన పిల్లలు, తాళ్ళకి మేకలు. అందరికంటే ముందు యజ్ఞనారాయణగారు. పంచె గోచీ పెట్టి, శాస్త్ర గ్రంథాల మూట నెత్తిన పెట్టుకుని వస్తున్నారు. ఆయన వెనక భార్య శ్యామలాంబగారు, దేవుడి పీఠం, ఉప్పు జాడీ పట్టుకుని.

"తల వొంచి రండి బాబుగోరూ, గుమ్మం కిందికున్నాది," అంది దాలమ్మ. ఆ ఒక్క పూటకి అంతకంటే ఏమీ అనకూడదనుకుంది. కాని నోరు ఊరుకోదు కదా. ఆయన కూర్చుని ఊపిరి తీసుకోగానే, "లచ్చింతల్లి ఎంతవరకూ ఒచ్చినాది?" అని అడిగింది.

"రొమ్ముల దాకా," అన్నారాయన నీరసంగా. శ్యామలాంబగారు ముందు నవ్వింది. అంత అలసటలోనూ పడీ పడీ నవ్వింది. అప్పుడాయనా నవ్వారు.

మధ్యాహ్నానికి ఆ మూడు గదుల్లో, పాకలో కలిపి అరవైమంది. నూకాలు, గోవిందరావు క్వార్టర్ల నుంచి బియ్యం మోసుకొచ్చారు. దాలమ్మ ఉన్న పాలన్నీ పిల్లలకి పోసింది, చిక్కటివే. గణపతిరావు కనపడలేదు. మూల ప్లాటు అందరికంటే పల్లం. సాయంకాలం గోవిందరావు, ఇంకో ఇద్దరు అరటిబోదెలు కట్టి తెప్ప చేసుకుని వెళ్ళి, కప్పుమీద కూర్చున్నవాణ్ణి పట్టుకొచ్చారు. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. దాలమ్మ వేడి గంజి ఇచ్చింది.

"నాలుగు రోజులన్నానప్పా," అన్నాడతను గ్లాసు వంకే చూస్తూ.

"సెప్పినావు. నువ్వూ అక్కడే ఉన్నావు కదా. తాగు, సల్లారిపోతాది."

ఆమెకి అతని మీద కోపం పదహారేళ్ళ కిందటే పోయింది. ఆ రాత్రీ పగలూ తేడా లేని వానలో ఆమె ఒక్కటే పని చేస్తూ ఉంది, పిల్లల తలలు లెక్కపెట్టడం. ఒకసారి లెక్కపెట్టాక మళ్ళీ మొదలుపెట్టేది. ఎవరికీ ఏమీ కాలేదు. మూడు ఆవులు పోయాయి, రెండు మట్టి ఇళ్ళు కూలాయి. మనుషులంతా దక్కారు.

నీళ్ళు వారానికి తీశాయి. శాంతినగర్ అంతా మోకాలెత్తు బురద, చచ్చిన చేపల కంపు. ఎవరిని కదిపినా అమ్మేస్తాననే మాటే. కొనేవాడు లేడు. అప్పుడు దాలమ్మ బొగ్గుముక్క చేతపట్టుకుని ఆ బురదలో ఇల్లిల్లూ తిరిగింది. గోడమీద నీటిచార ఎక్కడుందో అక్కడ అడ్డంగా గీత గీసి, తన మూరతో నేలనుంచి కొలుచుకుంది. జనం ఈవిడకి మతిపోయిందనుకున్నారు. సాయంకాలం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ మొగుడితో అరిచి చెప్పింది. "యజ్ఞనారాయణగోరి స్తలం నూకాలుకి కొందాం!"

"ఏ స్తలం?"

"హాఁస్‌డోబాలోది!"

జగ్గారావు తనకి వినపడటం పూర్తిగా పోయిందనుకుని చెవిలో వేలు పెట్టి ఆడించాడు. రెండోసారి విన్నాక మండిపడ్డాడు. "పదారేళ్ళు నన్ను దిబ్బెక్కించి ఎండగట్టినావు. ఇప్పుడు మునిగినసోట కొంతానంతావేటి!"

"అప్పుడు నీలెంతొస్తాయో తెలీదు. ఎవులూ సెప్పనేదు. ఇప్పుడు గోడమీద రాసీసి మరీ పోనాది. మూడు మూరలు. మనం నాలుగు మూరలెత్తు అరుగు కట్టీసి, దానిమీద ఇల్లు కడదాం. స్తలం సగం ధరకొస్తాది. మిగిలిన సగం అరుగుకెడదాం. నుయ్యి తియ్యగుంతాది. పిల్ల నీలు మొయ్యక్కర్నేదు."

"ఇంతకంటే పెద్దదొస్తేనో?"

ఆ ప్రశ్న ఆమె అప్పటికే అడిగి వచ్చింది. మేకల ముసలాయన పోయి చాలాకాలమైంది. ఆయన తమ్ముడు ఉన్నాడు. తాతల కాలంలో ఒకసారి నీళ్ళు ఇంకా పైకి వచ్చాయట, ఎంత పైకన్నది మాత్రం చెప్పిన ప్రతిసారీ ఒక అడుగు పెరిగింది.

"దానికి సాలినంత అరుగు కట్టే డబ్బు మనకి నేదు," అంది దాలమ్మ. "అంచేత డాబామీదికి మెట్లు కడదాం. అంత పెద్దదొస్తే ఎక్కి కూకుంతారు. గోవిందరావుకి తెప్ప కట్టడం ఒచ్చు. దానిపైన నాను సెయ్యగలిగిందేటీ నేదు."

యజ్ఞనారాయణగారు అమ్మడమే కాదు, వచ్చిన డబ్బుకి మరికొంత కలిపి కాంకర్‌డాంగా మీద దాలమ్మ పక్క స్థలమే కొన్నారు. దిబ్బమీద ధర ఆ ఏడు రెట్టింపైంది. వాస్తు మాటేమిటని అడిగితే, ప్రాణం ఉంటే శాస్త్రం చదువుకోవచ్చు అన్నారు. దాలమ్మ వెళ్ళి, చూరు కిందికి దింపండి, తలుపు వాయవ్యం వైపు పెట్టకండి అని చెప్పింది. ఆయన ఒక్క అక్షరం ఎదురు చెప్పకుండా కాగితం మీద రాసుకున్నారు.

హాఁస్‌డోబాలో నూకాలు ఇల్లు డెబ్భై తొమ్మిది వేసవికి పూర్తయింది. నాలుగు మూరల అరుగు, ఎక్కడానికి తొమ్మిది మెట్లు. చుట్టూ ఇళ్ళన్నీ నేలమీద కూర్చుంటే అదొక్కటి లేచి నిలబడ్డట్టుండేది. వీధిలో పిల్లలు దానికి ప్లాట్‌ఫారం అని పేరు పెట్టారు. రైలు ఎప్పుడొస్తుందత్తా అని అడిగేవారు. అరుగుకి సిమెంటు ఎక్కువైందని గోవిందరావు సణిగాడు. రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగలేక మోకాళ్ళు పోతున్నాయని నూకాలు సణిగింది.

ఆషాఢం కోసం దాలమ్మ పెళ్ళివారి కోసం చూసినట్టు చూసింది. ఆ ఏడు వాన పడలేదు.

ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. మబ్బులు వచ్చి, చూసి, వెళ్ళిపోయాయి. వీధిలో చేపలు పట్టేందుకు పిల్లలకి చెంచాడు నీళ్ళు లేవు. తొమ్మిది మెట్లూ దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. కాంకర్‌డాంగా మీద దాలమ్మ నుయ్యి ఎండింది, యజ్ఞనారాయణగారు కొత్తగా తవ్వించినదానిలో తడే పడలేదు. కుళాయి రోజుకి అరగంట వచ్చేది, తర్వాత అదీ మానేసింది. దిగువన నూకాలు నూతిలో మాత్రం నీళ్ళు అలాగే ఉన్నాయి, మూడు నిలువులు తగ్గకుండా.

ఒక ఉదయం దాలమ్మ బిందె పట్టుకుని దిగుతుంటే, ఎదురుగా యజ్ఞనారాయణగారు రెండు బాల్చీలతో ఎక్కి వస్తున్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి, చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. బాల్చీలు దించి ఒక రాయి మీద కూర్చున్నారు.

"పదహారేళ్ళు ఆ నూతిలో నీళ్ళు నేనే తోడుకున్నాను, దాలమ్మా," అన్నారు. "అప్పుడు నాది. గుమ్మం దాటితే నుయ్యి. ఇప్పుడు మీ అమ్మాయినడిగి అర మైలు మోసుకుంటున్నాను. నిరుడు నీళ్ళకి భయపడి అమ్మాను. ఈ ఏడు నీళ్ళకోసం తిరుగుతున్నాను. నా లెక్క ఎక్కడ తప్పింది?"

దాలమ్మ బిందె బోర్లించి దానిమీద కూర్చుంది. ఏదైనా చురకైన మాట అనడానికి మంచి అవకాశమే. నోటిదాకా వచ్చింది కూడా. కాని ఆయన నిజంగానే అడుగుతున్నారు.

"తప్పనేదు బాబుగోరూ. నిరుడు ఒచ్చినదాన్ని బట్టి మీరు సూసుకున్నారు. నాను కూడా అంతే. సిన్నప్పుడు సూసినదాన్ని బట్టి దిబ్బెక్కినాను, గాలి నా రేకులు పట్టుకుపోనాది. మీద నుంచి ఒకటి, కింద నుంచి ఒకటి, ఎటునుంచో ఇంకోటి. అన్నిటికీ సరిపడ్డ నేల దేవుడు సెయ్యనేదు. సేసుంటే దాన్లో ఆయనే ఉంతన్నాడు."

"మరి నువ్వు ఆ పల్లంలో ఎందుకు కొన్నట్టు?"

"నాకు దిబ్బున్నాది కాబట్టి. ఒక్క స్తలమే కొనే పనైతే నాను మళ్ళీ దిబ్బే కొంతాను, నీలు మోసుకుంతాను. రెండోది కొనగలిగినాను గనక పల్లంలో కొన్నాను. కుదిరింది, అంతే. నా తెలివేటీ నేదు."

యజ్ఞనారాయణగారు ఆకాశం వంక చూశారు. తెల్లగా, ఖాళీగా ఉంది. "భూకంపం సంగతి ఏమన్నా తెలుసా నీకు?" అన్నారు.

"తెలీదు బాబుగోరూ. దానికి ఎవుల్ని అడగాలో కూడా తెలీడం నేదు."

ఆమె లేచి, ఆయన బాల్చీ ఒకటి అందుకుంది. ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా పైదాకా తెచ్చి శ్యామలాంబగారికి ఇచ్చింది. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు అందిస్తే నిలబడే తాగింది, తల గుమ్మానికి తగలకుండా కొంచెం వంగి. తర్వాత తన ఖాళీ బిందె చంకన పెట్టుకుని, దిబ్బ దిగువన నూకాలు ఇంటివైపు నడిచింది. ఎండ అప్పుడే చురుకెక్కుతోంది. తొందరగా పోకపోతే నూతి దగ్గర వరస పెద్దదవుతుంది.